భరతమాతకు నీళ్లు

"పదిహేనో తేదీ పొద్దున మాత్రం పాపకు నీళ్లు తాపొద్దమ్మా" అన్నాడు తిప్పయ్య సారు, సైకిల్ దిగకుండానే ఒక కాలు నేలమీద ఆనించి. నేను సిమెంటు తొట్టి దగ్గర మూడో బిందె కోసం వరసలో నిలబడి ఉన్నాను. కొళాయి నుంచి నీళ్లు నూలుపోగులా కారుతున్నాయి. "చీర కట్టి పిన్నులు పెట్టినాక మళ్లీ విప్పేదానికి కాదు గదా. రెండు గంటలు కదలకుండా నిలబడాల. అందుకని ముందే చెప్తాండా" అన్నాడు, మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినంత మామూలుగా. బడి వైపు సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

"ఏమ్మే ఈశ్వరీ, మీ గౌతమి భరతమాతంట గదా! ఊర్లో ఇంతమంది పిల్లోల్లుంటే మీ పిల్లకే వచ్చె" అంది నా వెనకున్న రామక్క. ఆమెకు నిజంగానే సంతోషం. నేను కూడా నవ్వాను. బిందె నిండేసరికి నా నోరు మాత్రం ఎండిపోయింది.

పిన్నుల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పద్నాలుగేళ్ల కిందట, ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, మా పుట్టింటి ఊరి బడిలో నేనే భరతమాతను. హెడ్మాస్టరు గారి భార్య తన పట్టుచీర తెచ్చి నాకు చుట్టి, పంతొమ్మిది పిన్నులు పెట్టింది. ఒక్కొక్క పిన్ను పెట్టేటప్పుడూ "నీళ్లు తాగలేదు గదా?" అని అడిగింది. తాగలేదు. అట్టముక్కకు బంగారు కాగితం అంటించిన కిరీటం, కుడిచేతిలో జెండా, ఎడమచెయ్యి దీవిస్తున్నట్టు పైకి. బెంచీ మీద నిలబెట్టారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి దేశం గురించి మాట్లాడారు. నా కుడి కనురెప్ప మీద ఒక ఈగ వాలింది. రెండు చేతులూ దేశానికి ఇచ్చేశాను కాబట్టి దాన్ని తోలుకోవడానికి నాకు చెయ్యి లేదు.

ఆ రోజు ముందు వరసలో కూర్చున్నవాళ్లలో ఈ ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ ఉంది. ఆవిడ జెండా చూడలేదు, ఉపన్యాసాలు వినలేదు. నన్నే చూసింది. ఆవిడ పేరు కదిరమ్మ. మా అత్త.

ఈ కథను ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది. "ఈగొచ్చి రెప్పమీద వాలినాది. తోలుకుంటాదేమో చూద్దామని నేను చూస్తాండా. ఊహూ! రెప్ప గూడా ఆర్పలే. రెండు గంటలు! ఆ పొద్దే అనుకుంటి, ఈ పిల్ల మా ఇంటికి సరిపోతాదని." విన్నవాళ్లు నవ్వుతారు. నా మొగుడు కుళ్లాయప్ప అయితే ప్రతిసారీ ఒకే మాట కలుపుతాడు. "జెండా పండగనాడు పెండ్లిచూపులైనోన్ని ఈ జిల్లాలో నేనొక్కన్నే!" నేను కాఫీ గ్లాసులు అందిస్తూ నవ్వుతాను. నవ్వకపోతే, "ఏమి, మొగమట్ల పెట్టుకున్యావు?" అని అడుగుతారు.

ఆ మాఘమాసంలోనే పెళ్లయింది. సోషల్ పుస్తకంలో పౌరశాస్త్రం చివర్న ఉంటుంది. చరిత్ర, భూగోళం అయిపోయాక, పరీక్షల ముందు గబగబా చెబుతారు. అంతదాకా నేను బడిలో లేను. హక్కుల పాఠం ఎలా ఉంటుందో నాకు తెలియదు. విధులు మాత్రం పుస్తకం లేకుండానే వచ్చాయి.

నీళ్లు కొలుచుకుని తాగడం నాకు ఆ బెంచీ మీదనే అలవాటైంది. చెనిక్కాయ చేలో కలుపుకు పోయేరోజు తాగను, గట్టు మీద మగవాళ్లు కూర్చుని ఉంటారు. కళ్యాణదుర్గం బస్సెక్కేరోజు తాగను. పెళ్లిళ్లకు పోతే తాగను. ఇంట్లో ఉన్నా, ఎండాకాలం బిందె అడుగుకు వస్తే ముందు ఆయనకు, తర్వాత అత్తకు, తర్వాత పాపకు, తర్వాత పాలిచ్చే ఎనుముకు. పోయిన ఏడు ఒంటేలు పోసేటప్పుడు మంటపుట్టి జ్వరమొస్తే కళ్యాణదుర్గం ఆసుపత్రిలో డాక్టరమ్మ చీటీ మీద ఏమీ రాయకుండా నా మొహం చూసి, "రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతావమ్మా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఇంటికొచ్చి చెబితే, "నీళ్లు తాగమని చెప్పేదానికి గూడా డాక్టరమ్మ కావల్నా?" అంది అత్త. "నీళ్లు తాగేది గూడా చేతగాదేమే నీకు?" అన్నాడు ఆయన.

ఇప్పుడు గౌతమికి పన్నెండేళ్లు. ఏడో తరగతి. మా ఊరి బడి ఏడుతో సరి. హైస్కూలుకు నాలుగు మైళ్లు పోవాలి. "ఆడపిల్లను ఒక్కదాన్నే ఎట్ల పంపేది? ఆటోలో మగపిల్లోల్లు గూడా ఉంటారు. చూద్దాంలే" అని ఆయన అంటూ ఉంటాడు. నా గురించి మా నాయన కూడా 'చూద్దాం' అనే అన్నాడు.

జూలైలో తిప్పయ్య సారు పిల్లలందరినీ 'పౌరులుగా మనం' అని ఉపన్యాసం రాసుకురమ్మన్నాడు. బాగా రాసినవాళ్లు పంద్రాగస్టు నాడు మైకులో చదవాలి. గౌతమి మూడు రోజులు రాసింది. నేను రొట్టెలు తడుతుంటే పొయ్యి పక్కన కూర్చుని ఒక్కొక్క వాక్యం చదివి వినిపించేది. "మా ఇంట్లో నలుగురు పౌరులం ఉన్నాము. మా అవ్వ ముసలి పౌరురాలు. నేను ఇంకా ఓటు రాని పౌరురాలిని. మా అమ్మ ఓటు వేస్తుంది. ఎవరికి వేయాలో మా నాయన చెబుతాడు. కానీ మిషను దగ్గర అట్ట చాటున నిలబడినప్పుడు మా అమ్మ ఒక్కతే ఉంటుంది." రొట్టె మాడింది. "ఇది నీకెవరు చెప్పినార్మే?" అన్నాను. "ఎవరూ చెప్పలే. నువ్వు ఓటేసొచ్చినపొద్దు నవ్వుకుంటా వచ్చినావు గదా, అందుకని రాసినా" అంది.

సారుకు ఆ ఉపన్యాసం చాలా నచ్చింది. నా ఓటు వాక్యాలు మాత్రం కొట్టేసి, మిగతాది సర్పంచి వీరప్ప కొడుకు ప్రతాప్‌కు ఇచ్చాడు. "వాని గొంతు గట్టిది. నువ్వు తెల్లగ, పొడుగ్గ ఉండావు. నువ్వు భరతమాత" అన్నాడంట గౌతమితో. అది ఇంటికొచ్చి ఎగురుకుంటూ కిరీటం గురించే చెప్పింది. ఉపన్యాసం మాట అడిగితే, "వాడు 'రాజ్యాంగం' అనేదానికి మూడుసార్లు ఆగుతాడుమా" అంది. అంతే. ఆ సాయంత్రమే పెరట్లో నీళ్లతొట్టి గట్టెక్కి, చీపురు జెండాలాగ పట్టుకుని, నిలబడడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. వాళ్ల అవ్వ మంచం మీద నుంచి లెక్కబెట్టింది. "కదిలితివి! మల్లా మొదట్నుంచి!"

"అమ్మా, భరతమాతకు మాటలుండవా?" అని అడిగింది దిగినాక.

"ఉండవు."

"ఒక్కటి గూడానా?"

నేను చీపురు తీసుకుని వాకిలి ఊడ్చాను. అప్పటికే ఊడ్చిన వాకిలి.

మరుసటి రోజు అత్త ఎస్టీడీ బూతుకు పోయి గుత్తిలో ఉన్న కూతురికి ఫోను చేయించింది. "మా గంగమ్మ గూడా వస్తాది పంద్రాగస్టుకు. ఊరికే. పిల్ల నిలబడేది చూసిపోతాది" అంది నాతో. ఆ 'ఊరికే' నాకు తెలుసు. గంగాదేవి వదినకు గిరి అని కొడుకున్నాడు. ఇరవై ఒకటి నిండాయి, మోటార్ల షెడ్డులో పని. మేనత్త కొడుకు ఉండగా పిల్లను బయట ఇవ్వడమనేది మా ఇంట్లో ఇంతవరకు జరగలేదు. పాప పుట్టినరోజే ఆ వదిన వెండి గజ్జెలు తెచ్చి, "ఇది మాది" అని కాలికి పెట్టింది. అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్ని నవ్వులు నవ్వానో ఈ ఇంట్లో.

నోరు తెరిచి అడగలేదని ఎవరూ అనకూడదు. అడిగాను. ముందు ఆయనను. "పాపకు ఆ వేషం వద్దయ్యా, మైకులో చదవనీ" అన్నాను. "సంతోషపడేది పోయి ఏడుస్తావేమే? నువ్వు వేయలేదా? ఏమైంది నీకు?" అన్నాడు. తర్వాత బడికి పోయి సారును అడిగాను. "ఈశ్వరమ్మా, ప్రతాప్ చదివితే వీరప్పన్న మైకుసెట్టు పంపిస్తాడు. అయినా మాట్లాడేవాళ్లు పదిమంది ఉంటారు. భరతమాత ఒకతే గదమ్మా! ఎంత గౌరవం!" అన్నాడు. చెడ్డవాడు కాదు. పిల్లల్ని కొట్టడు. వాళ్ల ఇంటావిడ కూడా ఎక్కడో ఒకచోట కదలకుండా నిలబడి ఉంటుంది, ఆయన చూసి ఉండడు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ బడి విద్యా కమిటీలో నేను సభ్యురాలిని. ఆడవాళ్లు ఉండాలని రూలంట, అందుకని రెండేళ్ల కిందట నా పేరు రాశారు. ఒక్క మీటింగుకు కూడా పిలవలేదు. నెలకోసారి గౌతమి చేత రిజిస్టరు ఇంటికి పంపిస్తారు. ఆయన వేలు పెట్టి "ఈడ పెట్టు" అంటాడు. నేను సంతకం పెడతాను. "చదివేదానికి ఏముండాదిలే" అని మూసేస్తాడు. సభ్యురాలిని కాబట్టి పంద్రాగస్టుకు ముందురోజు బడి ఊడ్చి, కళ్లాపి చల్లి, జెండా ఉతికి, బొరుగుల పొట్లాలు కట్టే పని మాత్రం నాది.

పదిహేనో తేదీ పొద్దున అత్త నా పెళ్లిపట్టుచీర పెట్టెలోంచి తీసింది. పిన్నుల డబ్బా నా ముందు పెట్టి, వీధి అరుగు మీద గంగాదేవి వదిన దగ్గర కూర్చుంది. వంటింట్లో నేనూ గౌతమీ. ఉగ్గాని కొంచెం ఉప్పుగా చేశాను. చేతి పొరపాటు కాదు. పాప తిన్నది. నేను పెద్ద చెంబు నిండా నీళ్లు ముంచి దాని చేతికిచ్చాను.

"సారు తాగొద్దన్నాడుమా."

"తాగు."

నా మొహం చూసింది. అమ్మ చెబితే సరే అనుకుని ఎత్తి తాగింది. గొంతు గటగట కదులుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంకో చెంబు ఇచ్చాను. అదీ తాగింది. దప్పికకు ఇచ్చానని అబద్ధం చెప్పను. చీర దాని స్కూలు డ్రస్సు మీదనే కట్టాను. పంతొమ్మిది పిన్నుల చోట నాలుగే పెట్టాను. ఏ పిన్ను ఎక్కడుందో దాని వేళ్లతో తడిమించి, "నీకు కావాలంటే నువ్వే తీసుకోవచ్చు" అని చెప్పాను. "నాకెందుకు కావాల్సొస్తాది?" అంది కిరీటం సర్దుకుంటూ.

వీరప్ప జెండా ఎగరేశాడు. ప్రతాప్ కొత్త బూట్లతో వచ్చి మైకు పట్టుకుని "మా ఇంట్లో నలుగురు పౌరులం ఉన్నాము" అన్నాడు. వాళ్ల ఇంట్లో పదకొండుమంది. బెంచీ మీద భరతమాత పెదవులు మెల్లగా కదులుతున్నాయి. వాడు 'రాజ్యాంగం' దగ్గర ఆగితే అవి వాడికంటే ముందు పోయి, వాడి కోసం ఆగాయి. ఇంతమందిలో ఆ పెదవులు చూసింది నేనొక్కదాన్నేనేమో. నేను వెనక గోడ దగ్గర బొరుగుల గంప ముందు కూర్చుని ఉన్నాను.

తర్వాత తిప్పయ్య సారు లేచాడు. భరతమాత ఎంత ఓర్చుకుందో, ఎవరెవరొచ్చి దోచుకున్నా నోరెత్తకుండా ఎట్లా నిలబడిందో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు కుర్చీల్లో అత్త వదిన వైపు వంగి, వెనకున్న నాక్కూడా వినపడేలా అంది. "చూడు గంగమ్మా, తల్లి మాదిరే. రెప్ప గూడా ఆర్పలే." వదిన తల ఊపింది. ఆ ఊపు నేనెరుగుదును. నేను పదమూడేళ్లు ఉండిపోయిన ఇల్లు అట్లాంటి ఒక ఊపుతోనే మొదలైంది.

గౌతమి ఎడమపాదం కుడిపాదం మీదికి ఎక్కింది. వేళ్లు ముడుచుకున్నాయి. జెండా కర్ర సన్నగా వణికింది. దాని కళ్లు జనంలో నాకోసం వెతికాయి. దొరికాను. ఇప్పటికీ ఆ చూపు నన్ను వదలదు. దానికి తెలిసిపోయింది. నీళ్లు ఎందుకిచ్చానో అప్పుడే, అక్కడే తెలిసిపోయింది. నేను తల ఊపాను. దిగు, అని.

అది జెండాను కిందపడనీయలేదు. సారు "సహనమే ఆమెకు..." అంటుండగా బెంచీ దిగిపోయి, ఆ కర్రను ఆయన చేతిలో పెట్టింది. రెండు చేతులా పట్టుచీర ఎత్తిపట్టుకుని బడి వెనక్కి, కంపచెట్ల వైపు పరిగెత్తింది. కిరీటం మైదానం మధ్యలో పడింది. తర్వాత పిల్లల్లో ఎవడో, "భరతమాత కంపచెట్లలోకి పాయరోయ్!" అని అరిచాడు. ఊరు ఊరంతా నవ్వింది. మైకు ఆపలేదు కాబట్టి ఆ నవ్వు గుట్టదాకా వినిపించి ఉంటుంది.

నేను మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి.

గంగాదేవి వదిన మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగలేదు. ఆటో ఎక్కుతూ తమ్ముడితో అంది. "పిల్ల బాగుండాది గానీ కుదురు లేదప్పా. అంతమందిలో రెండు గంటలు ఓర్చుకోలేనిది రేపు సంసారమేం చేస్తాది? మా గిరికి యాడైనా చూస్తాంలే." ఆటో దుమ్ము అణగకముందే అత్త నామీద పడింది. "నీ కూతురు మా పరువు తీసింది గదమ్మే! నువ్వు నిలబడలేదా? నీకు రాలేదా ఒంటేలు?" వచ్చింది అత్తా, అనలేదు నేను. వచ్చింది. ఎవరూ అడగలేదు. ఆయన రెండు పూటలు అన్నం తినలేదు. నేను తిన్నాను. కడుపునిండా నీళ్లు తాగాను.

కానీ గౌతమి నాతో మాట్లాడడం మానేసింది. బడికి పోతుంటే పిల్లలు "కంపచెట్ల మాతా!" అని పిలుస్తున్నారంట, రామక్క చెప్పింది. అది నా చేతి రొట్టె తింటుంది గానీ నా చేతి నీళ్లు తాగదు. తనే లేచి ముంచుకుంటుంది. ఐదు రోజులు. గిరి సంబంధం తప్పింది, హైస్కూలు ఇంకా 'చూద్దాం' దగ్గరే ఉంది, నా కూతురు నాకు దూరమైంది. అందరూ నవ్వుతుంటే పరిగెత్తిన ఆ పిల్లకు నేను తల్లినా, ఇంకొక సారునా? పొయ్యి దగ్గర కూర్చుని ఇదే నన్ను నేను అడిగాను. ఎవరి బతుకో దాని మీద పెట్టి నిలబెట్టడం వాళ్లు చేసిన తప్పయితే, చెప్పకుండా దింపడం నా తప్పు కాదా?

ఆరో రోజు పొద్దున గౌతమి రిజిస్టరు తెచ్చి, నా మొహం చూడకుండా, వాళ్ల నాయన పక్కన పెట్టింది. ఆయన తెరిచి, వేలు పెట్టి, "ఈడ పెట్టు" అన్నాడు. నేను రిజిస్టరు నా వైపు తిప్పుకున్నాను. చదివాను. పైకే చదివాను. "స్వాతంత్ర్య దినోత్సవం కమిటీ సభ్యులందరి సమక్షంలో ఘనంగా జరిగింది. భరతమాత వేషధారణ చివరివరకు అందరినీ అలరించింది. పాఠశాలలో అన్ని వసతులు సంతృప్తికరంగా ఉన్నాయి."

"చదివింది చాలు, పెట్టు. పిల్లకు బడికి పొద్దుపోతాంది" అన్నాడు ఆయన.

పెన్ను తీసుకున్నాను. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన రాత, అక్షరాలు ఇంకా గుండ్రంగా, పిల్లరాతలాగే ఉన్నాయి. సంతకం చోటు పైన, ఖాళీగా వదిలిన రెండు గీతల్లో రాశాను. రాస్తూ ఒక్కొక్క మాట బయటికి అన్నాను, తలుపు దగ్గర నిలబడ్డ గౌతమికి వినపడాలని.

"భరతమాత చివరివరకు నిలబడలేదు. ఈ బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఆ పొద్దు నీళ్లు తాపింది నేను. పాప తప్పు ఏమీ లేదు. వచ్చే ఏడు అది రాసింది అదే చదవాల, హైస్కూలులో."

కింద నా పేరు రాశాను. సభ్యురాలు అని కూడా రాశాను.

"ఏమి రాసినావే? సారు ఏమనుకుంటాడు? కొట్టెయ్, కొట్టెయ్యంటే!" ఆయన రిజిస్టరు మీదికి చెయ్యి చాచాడు. ఆయనకంటే ముందే గౌతమి చెయ్యి వచ్చింది.

అది రిజిస్టరు తీసుకుంది. అక్కడే నిలబడి రెండు గీతలూ తనలో తాను చదువుకుంది. పెదవులు కదిలాయి. నా వైపు చూడలేదు. దాన్ని సంచిలో పెట్టుకోలేదు, మూయలేదు కూడా. ఆ పేజీ తెరిచి రెండు చేతులా ఎదురుగా పట్టుకుని, కొళాయి దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్లందరి ముందు నుంచి బడికి నడిచిపోయింది. ఎక్కడా నిలబడలేదు.